ఉద్యోగము ఉండగనే సొంత వ్యాపారము

(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)

 

మాట్లాడమని ప్రధానోపాధ్యాయులు కోరినప్పుడు, మా కాలమునాటి గురువులను గురించియో, చెన్నపట్టణములో తెలుగు చదువును గురించియో చెప్పమంటారని అనుకొన్నాను. వారు అడిగినది వేరు. "మన పిల్లల తల్లిదండ్రులలో పలువురు నెలజీతము మీద బ్రతుకుతున్నవారు. చిన్నదో పెద్దదో సొంత వ్యాపారమొకటి ఆరంభించవలెనని వారిలో కొందరికి ఆశ ఉన్నది. ఉన్న ఉద్యోగము మానుకొని దిగవలెనా, ఉంచుకొని దిగవలెనా అని నన్ను అడుగుతున్నారు. నేను బడిపంతులను, నాకేమి తెలుసు? మీరు రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఒడ్డు చేరినవారు గదా, మీరే చెప్పండి" అన్నారు. ఒడ్డు చేరినానో లేదో తరువాత చూతము. కాళ్ళు పెట్టిన మాట మాత్రము నిజము. ఇరవై ఏండ్లు ప్రభుత్వ కార్యాలయములో గుమాస్తాగా ఉన్నాను. ఆ ఇరవై ఏండ్లలో పదిహేనేండ్లు మా ఇంటి వెనుక గదిలో నోటుపుస్తకములు తయారైనవి.

మన రాయపురము మొదటినుండి జీతముల పేట. దక్షిణ భారతములో తొలి రైలు 1856లో ఇక్కడి స్టేషను నుండియే ఆర్కాడు వైపు బయలుదేరినది. రైలు వచ్చినది, రేవు పెరిగినది, పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులు వచ్చినవి. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు సీమల నుండి మన పెద్దలు ఇక్కడికి వచ్చి రైల్వేలోనో, రేవులోనో, మిల్లులోనో కుదిరినారు. అయితే సాయంకాలము మన సందులలో నడిచి చూచినవారికి మరియొక సంగతి తెలుస్తుంది. మిల్లులో పగటి షిఫ్టు చేసివచ్చిన మనిషి అరుగు మీద కుట్టుమిషను ముందు కూర్చుంటాడు. రేవులో లెక్కలు వ్రాసే ఆయన ఇంట్లో అప్పడములు ఎండుతూ ఉంటవి. కాశిమేడు నుండి ఎండుచేపలు తెప్పించి బంధువుల ద్వారా ఊళ్ళకు పంపే ఆమె భర్త ఆసుపత్రిలో కాంపౌండరు. ఎవరూ దీనిని వ్యాపారమని పిలువలేదు. "ఏదో చేతి ఖర్చుకు" అనేవారు. 1996లో పెరంబూరు మిల్లులు మూతబడినప్పుడు నేను ఎరిగిన ఇండ్లలో ఏ ఇల్లు నిలబడినది, ఏ ఇల్లు చితికినది అని చూస్తే, ఆ చేతి ఖర్చు పనియే తేడా చూపినది. అందరి విషయములోనూ అట్లే జరిగినదని నేను అనను. నేను చూచినది చెబుతున్నాను.

ఉద్యోగములో ఉండగనే సొంత పని మొదలుపెట్టుట ఈ కంప్యూటరు కాలపు వింత అని కొందరు యువకులు అనుకొంటారు. ఇది తెలుగు బడి గనుక తెలుగు పండితుల సంగతియే చెబుతాను. పరవస్తు చిన్నయసూరి గారు ఈ నగరములోని ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. నెల జీతము మీద పాఠము చెప్పినవారు. 1853లో వెలువడిన వారి నీతిచంద్రికను చదువక తెలుగు నేర్చుకొన్న తరము మొన్న మొన్నటివరకు లేదు. ఆయన పండితులు మాత్రమే కాదు, వాణీదర్పణమనే ముద్రణశాలకు యజమానులు కూడా. పగలు తరగతి గది, మిగిలిన వేళ అచ్చుపని. కొక్కొండ వేంకటరత్నము పంతులు గారు కూడా ప్రెసిడెన్సీ కళాశాల పండితులే. వారు 1871లో ఆంధ్రభాషాసంజీవని పత్రికను స్థాపించి, దానితోపాటు సంజీవనీ ముద్రాక్షరశాలను నడిపినారు. వేదము వేంకటరాయశాస్త్రి గారు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా ఉద్యోగము చేస్తూ జ్యోతిష్మతీ ముద్రణశాలను నిర్వహించినారు. ఆ కళాశాల 1937లో తాంబరమునకు తరలివెళ్ళక ముందు జార్జిటౌనులోనే ఉండేది, మనకు నడక దూరము.

రాజమహేంద్రవరపు కందుకూరి వీరేశలింగము పంతులు గారి మాట సరేసరి. 1874లో వివేకవర్ధని ఆరంభించేనాటికి ఆయన బడిపంతులు. పత్రికను మొదట గోదావరి తీరమున అచ్చువేయలేదు. కాగితము వ్రాసి చెన్నపురికి పంపితే, కొక్కొండవారి సంజీవనీ ముద్రాక్షరశాలలో అచ్చయి తిరిగి వచ్చేది. ఆ పద్ధతిలోని ఆలస్యమూ ఖర్చూ ఎంతవో లెక్క చూచుకొన్న తరువాతనే ఆయన స్వంతముగా ముద్రణశాల పెట్టినారు. మొదటి దినముననే యంత్రము కొనలేదన్నది గమనించండి. తరువాత ఆ ఇద్దరు పంతుళ్ళకూ కలహము వచ్చినది. కొక్కొండవారు హాస్యవర్ధని అంటే, కందుకూరివారు హాస్యసంజీవని అన్నారు. ఒకరి పత్రిక పేరును మరొకరు ఎగతాళికి వాడుకొన్నారన్నమాట. పని ఇప్పించినవానితో పోట్లాట వచ్చుట వ్యాపారములో ఈనాటికీ ఉన్నదే. వారిద్దరికీ నెల తిరిగేసరికి జీతము ఉన్నది గనుక పోట్లాట కూడా తీరికగా సాగినది.

ఈ పండితులు అచ్చుయంత్రముల జోలికి ఎందుకు పోయినారు? తరగతిలో నిలబడి పాఠము చెప్పేవానికి ఏ పుస్తకము లేదో, ఏ పుస్తకము తప్పులతడకగా ఉన్నదో, పిల్లవాని తండ్రి ఎంత ఇచ్చి కొనగలడో తెలుసు. జార్జిటౌనులో అప్పటికే పేరున్న అచ్చుయజమానులకు కూడా అంత దగ్గరగా తెలియదు. అంటే ఉద్యోగము వారికి జీతము ఒక్కటే ఇవ్వలేదు, వ్యాపారమునకు కావలసిన తెలివిడిని కూడా ఇచ్చినది. తాను చెప్పే పాఠమునకు తానే పుస్తకము అచ్చువేసి తన విద్యార్థికే అమ్ముట ధర్మమా అని మీరు అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండ ఎవరూ ఈ పనిలో దిగరాదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిది తిరగవేసిన కథ. బొంబాయిలో ఒక దొరల కంపెనీలో ఉద్యోగము చేసిన మనిషి, 1893లో అమృతాంజనము స్థాపించినారు. ఆ మందు మీద వచ్చిన రాబడి అండగా 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో చెన్నపట్టణమునకు తెచ్చి దినపత్రికగా మార్చినారు. పత్రిక నష్టపడినా నడుపగలిగినారంటే వెనుక తలనొప్పి మందు ఉన్నది. మొదటి పడవ ఉద్యోగమే కానక్కరలేదు, కదలని పడవ ఒకటి ఉంటే చాలును.

ఇక రెండవ వైపు చూతము. మన పేటకు కూతవేటు దూరములో సెయింట్ జార్జి కోట ఉన్నది. 1744లో రాబర్టు క్లైవు ఆ కోటలో రైటరుగా, అంటే గుమాస్తాగా, దిగినప్పుడు అతని జీతము ఏడాదికి 5 పౌనులు. దానితో బ్రతకలేరని ఈస్టిండియా కంపెనీకి తెలుసు. అందుకే ఉద్యోగులు స్వంత వర్తకము చేసుకోవచ్చునని అనుమతించినది. ఫలితము? ఎలిహు యేలు 1672లో ఇదే కోటలోనికి గుమాస్తాగా వచ్చి, 1687లో గవర్నరై, స్వంత వర్తకములో అపారధనము కూడబెట్టి, అభియోగముల నడుమ 1692లో పదవి పోగొట్టుకొన్నాడు. అతడు 1718లో అమెరికాలోని ఒక చిన్న పాఠశాలకు పంపిన పుస్తకములు, సరుకుల వలన ఆ విద్యాలయమునకు అతని పేరే పెట్టినారు. నేటి యేల్ విశ్వవిద్యాలయము అదియే. మన కోటలో ఒక గుమాస్తా చేసిన పక్కవ్యాపారపు గుర్తు ఇంత దూరము పోయినది.

ఈ కథ విని ముచ్చటపడకండి. ఒకే నేతగాని వద్ద కంపెనీ కొరకూ, తన కొరకూ బట్ట కొనే ఉద్యోగి మంచి తాను ఎవరి మూటలో పెడతాడు? బెంగాలులో కంపెనీ సరుకునకు సుంకము లేకుండ చేసే దస్తకు అనే పత్రమును ఉద్యోగులు తమ సొంత సరుకులకు వాడుకొన్నారు. దాని మీద రేగిన తగవు మీర్ ఖాసిముతో 1763లో యుద్ధమునకు దారితీసినది. చివరకు కారన్‌వాలీసు జీతములు పెంచి, కలెక్టరుకు నెలకు 1500 రూపాయలు చేసి, స్వంత వర్తకము నిషేధించవలసి వచ్చినది. నేడు కేంద్రప్రభుత్వోద్యోగుల నడవడి నియమములు అని 1964 నాటివి ఉన్నవి. అందులో 15వ నియమము, ముందుగా అనుమతి లేక ఉద్యోగి ఏ వర్తకమూ చేయరాదంటుంది. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పనులకు మాత్రము కొంత వెసులుబాటు ఉన్నది. కారన్‌వాలీసు నిషేధమునకు ఈ నియమము మనుమడని నా ఉద్దేశము. భార్యయో, ఇంట్లో మరొకరో వర్తకము చేస్తే ఆ సంగతి ప్రభుత్వమునకు తెలియజేయవలెనని కూడా అందులో ఉన్నది. ఈ వాక్యమును గుర్తుంచుకోండి, నా కథలో మరల వస్తుంది.

నేను 1974లో ఉద్యోగములో చేరినాను. 1978లో వివాహమైనది. నా భార్య ఈ బడిలోనే చదివినది, లెక్కలలో నాకంటె గట్టిది. 1979 వేసవిలో ఒక బంధువు బైండింగు పని మానుకొంటూ తన కుట్టు సామాను, ఒక కత్తెర మిషను మాకు తక్కువ ధరకు ఇచ్చినాడు. అంతే ఆరంభము. ఆండర్సన్ వీధిలో రూలింగు చేసిన కాగితము రీముల లెక్కన కొని, మూడు చక్రముల రిక్షాలో తెచ్చి, మడిచి, కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించి, ఎండబెట్టి, అంచులు కోసి దుకాణములకు వేసేవారము. "వేసేవారము" అన్నాను. ఉదయము 9 గంటల నుండి సాయంకాలము 6 వరకు నేను కార్యాలయములో ఉండేవాడిని. మిగిలినది మీరు ఊహించుకోండి.

ఈ వ్యాపారము తెలియనివారి కొరకు ఒక్క మాట. నోటుపుస్తకము జూన్ మాసపు సరుకు. కాగితము ఫిబ్రవరి, మార్చిలో కొనవలె. సరుకు మే నెలలో దుకాణమునకు పోవలె. దుకాణదారుడు పిల్లలకు అమ్ముకొని, వాయిదాలు చెప్పి చెప్పి, ఆగస్టులో డబ్బు ఇస్తాడు. అంటే ఆరు నెలలు మన సొమ్ము కాగితముగా పడి ఉంటుంది. ఆ ఆరు నెలలూ ఇంట్లో బియ్యము కొనవలె, పిల్లవానికి మందు కొనవలె. గల్లాపెట్టెలో నుండి బియ్యము కొన్నవాడు మరుసటి ఏడు కాగితము కొనలేడు. మేము కొనగలిగినామంటే ఒకటవ తేదీ జీతము వలననే. కాగితపు వర్తకుడు మాకు నెల గడువు ఇచ్చినది కూడా మా ముఖము చూచి కాదు, నా జీతము చూచి. ఒకసారి ఒక దళారి వచ్చి పెద్ద ఆర్డరు ఇప్పిస్తాను, పైన ఇంత చేతిలో పెట్టండి అన్నాడు. వద్దన్నాము. నీతిమంతులమని కాదు, ఆ ఆర్డరు లేకపోయినా ఆ నెల గడుస్తుంది గనుక వద్దనగలిగినాము. జీతమువలన కలిగే మేలులలో పెద్దది ఇదియే అంటాను. అవసరము మెడ మీద కూర్చున్నవాడు బేరము చేయలేడు.

అయితే జీతము ఒక చెరుపు కూడా చేస్తుంది, దానిని గూర్చి ఎవరూ హెచ్చరించరు. జీతము నష్టమును దాచిపెడుతుంది. 1983లో నాలుగేండ్ల లెక్కలు కూడినాను. ఖర్చులు పోను 9,400 రూపాయలు మిగిలినట్లు తేలినది. ఆనాటి గుమాస్తాకు అది తక్కువ సొమ్ము కాదు. సంతోషముతో పుస్తకము నా భార్యకు చూపినాను. ఆమె ఒక్క నిమిషము చూచి, "నా కూలి ఎక్కడ వ్రాశారండీ?" అని అడిగినది. వ్రాయలేదు. ఆమె పెన్సిలు తీసికొని అట్ట ముక్క మీద లెక్క వేసినది. బైండింగు పనికి బయట మనిషిని పెడితే దినమునకు 10 రూపాయలు. ఏడాదికి 250 దినములు. నాలుగేండ్లకు 10,000. అంటే మేము 600 రూపాయల నష్టములో ఉన్నాము. నాలుగేండ్లు నష్టములో నడుస్తూ లాభమనుకొన్నాము. నా జీతమూ, ఆమె కూలీ కలిసి ఆ లోటును కప్పివేసినవి. జీతము లేనివాడైతే ఆరు నెలలలో సంగతి గ్రహించి ఉండేవాడు.

ఆ దినము నుండి ప్రతి నెలా మొదటి పద్దు ఆమె కూలి. అది వ్రాసిన తరువాతనే కాగితము. అట్లా వ్రాయగా వ్రాయగా, బడిపిల్లల పలుచని నోటుపుస్తకములు ఎన్ని అమ్మినా మిగిలేది లేదని తేలినది. ఆ సరుకు తగ్గించి, దుకాణముల లెక్కల పుస్తకములు, కళాశాలల ప్రయోగశాల రికార్డులు మొదలుపెట్టినాము. వీటికి జూన్ ఒక్కటే ఋతువు కాదు, ఏడాది పొడుగునా అడుగుతారు. వ్యాపారము వ్యాపారమైనది అప్పటినుండే. ఆలోచన ఆమెది. నేను చాలా కాలము నలుగురిలో "నా వ్యాపారము" అని చెప్పుకొన్నాను.

ఇప్పుడు చెప్పేది చెప్పుటకు కష్టముగా ఉన్నది, కాని చెప్పకపోతే ఈ ఉపన్యాసము సగము అబద్ధమవుతుంది. నా బల్ల మీద కుటుంబ పింఛను కాగితములు వచ్చేవి. ఒక జూన్ మాసములో, రాత్రులు రెండు గంటల వరకు అట్టలు అంటించి, పగలు కునికిపాట్లు పడుతూ, ఒక వితంతువు కాగితమును మరియొక కట్టలో పెట్టి మూడు వారములు మరచిపోయినాను. ఆమె మూడుసార్లు వచ్చినది. రెండుసార్లు "పైన ఉన్నదమ్మా" అని చెప్పి పంపినాను. అది పైన లేదు, నా మోకాలి దగ్గర సొరుగులో ఉన్నది. మూడవసారి ఆమె పక్కన పదేండ్ల పిల్లవాడు ఉన్నాడు. వాని చేతిలో ఉన్న నోటుపుస్తకము మాదే. ఆ సాయంకాలము కాగితము వెదకి పంపినాను. ఆమెకు డబ్బు వచ్చినది, ఆలస్యముగా. జీతము ఇచ్చేవారు నా చేతులను మాత్రమే కాక నా తెలివిని కూడా కొన్నారు. దానిని రాత్రియంతా వాడి, తెల్లవారి వాడిన మిగులును వారికి ఇచ్చినాను. నష్టపడినది ప్రభుత్వము కాదు, ఆ తల్లి.

1984లో మా కార్యాలయమునకు ఒక ఆకాశరామన్న ఉత్తరము వచ్చినది. ఫలానావాడు వ్యాపారము చేస్తున్నాడు, కార్యాలయపు టెలిఫోనులో బేరములు మాట్లాడుతున్నాడు అని. రెండూ నిజమే. వ్రాసినవారెవరో నేను వెదకలేదు. సంజాయిషీ అడిగినారు. వ్యాపారము నా భార్యదని, ఆ సంగతి తెలియపరచకపోవుట నా తప్పని వ్రాసి ఇచ్చినాను. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు ఆపినారు. న్యాయమే. ఇంటికి వచ్చి ఆ సంజాయిషీ నకలు ఆమెకు చూపితే, నిదానముగా చదివి, "పోనీలెండి, ఈ కాగితములోనైనా నాది అని వ్రాశారు" అన్నది. నేను నవ్వలేకపోయినాను. మరుసటి వారము బ్యాంకు ఖాతాలో సంతకము ఆమెకు మార్చినాము. పద్ధతి ప్రకారము తెలియజేసినాను. కార్యాలయములో నోటుపుస్తకము మాట ఎత్తుట మానివేసినాను. రాత్రి పదింటికి దీపము ఆర్పవలెనని ఇంట్లో నియమము పెట్టుకొన్నాము. జూన్ నెలలో ఇద్దరు కూలి మనుషులను పెట్టుకొన్నాము. లాభము తగ్గినది, నిద్ర వచ్చినది.

బయటి లోకములోనూ ఇట్టి కథలు ఉన్నవి. గుజరాతులో కర్సన్‌భాయి పటేలు గారు ప్రభుత్వ గనుల, భూగర్భశాఖలో రసాయన పరీక్షలు చేసే ఉద్యోగి. 1969లో ఇంటి పెరటిలో బట్టలసోడా పొడి కలిపి, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి కిలో 3 రూపాయలకు అమ్మినారు. పెద్ద కంపెనీ పొడి అప్పుడు 13 రూపాయలు. మూడేండ్లు ఉద్యోగము విడువలేదు. కూతురి ముద్దుపేరు పెట్టిన ఆ నిర్మా పొడి సంగతి మీకు తెలుసు. ఈ కథను చెప్పేవారు సైకిలును గురించి చెబుతారు, రసాయనశాస్త్రమును గురించి చెప్పరు. ఆయన తన చేతికి తెలిసిన పనినే సంచిలో వేసికొని తిరిగినారు. మన పిల్లలు కొందరు తమకు ఏమీ తెలియని సరుకులో, ఎవరో లాభము పొందినారని విని, జీతమంతా పోస్తున్నారు. అది నాకు భయము.

సాఫ్టువేరు ఉద్యోగములలో ఉన్నవారికి వేరుగా చెప్పవలెను. 2022లో విప్రో కంపెనీ, పోటీ సంస్థలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తొలగించినట్లు ప్రకటించినది. అదే ఏడు ఇన్ఫోసిస్, ముందు అనుమతి తీసికొంటే కొన్ని బయటి పనులు చేసికొనవచ్చునన్నది. కర్మాగారములలో అయితే 1948 నాటి చట్టమే, ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన దినమున మరొక ఫ్యాక్టరీలో పని చేయరాదన్నది. అలసిన చేయి యంత్రములో పడకుండ చేసిన నియమమది. అందుచేత మీ నియామకపు పత్రమును పెట్టెలో నుండి తీసి ఆసాంతము చదవండి. చదివి, అడుగవలసినవారిని నోరు తెరచి అడగండి. అడిగితే వద్దంటారేమో అని భయపడి దాచేవారు ఎక్కువ. దాచిన వ్యాపారము పెరగదు. బోర్డు పెట్టుకోలేదు, బ్యాంకులో అప్పు అడుగలేదు, పక్కింటివారితో తగవు వస్తే తలెత్తలేదు. మాది అట్లే ఐదేండ్లు కుంటినది.

ఇంక ఎప్పుడు ఉద్యోగము విడువవలెనన్న ప్రశ్న. వ్యాపారపు రాబడి జీతముతో సమానమైతే చాలునని కొందరంటారు. నాకు అది చాలదనిపించినది. ఇంట్లోవారి కూలి తీసివేసిన తరువాత కూడ, రెండు పూర్తి సంవత్సరములు, ఒక చెడ్డ జూన్ కూడా అందులో కలిసి, జీతమంత రావలెనని మేము పెట్టుకొన్నాము. అట్లు వచ్చేసరికి 1992 అయినది. అయినా ఆగినాను. ఇరవై ఏండ్ల సర్వీసు నిండితే స్వచ్ఛంద విరమణ తీసికొని పింఛను పొందే వీలున్నది. రెండేండ్ల కొరకు జీవితకాలపు పింఛను వదలుకొనేంత ధైర్యము నాకు లేదు. పిరికితనమని మా అబ్బాయి ఈనాటికీ అంటాడు. కావచ్చును.

1994లో విరమించుకొని మరునాడు ఉదయము స్నానము చేసి, ఇస్త్రీ చొక్కా వేసికొని, దుకాణములోనికి వెళ్ళి కూర్చున్నాను. యజమాని వచ్చినట్లుగా నాకు అనిపించినది. నా భార్య తలెత్తి చూచి, "వచ్చారా, మంచిది. ఆ బిల్లులు వరుస పెట్టండి. మీరు వచ్చారు గనుక ఇక గుమాస్తా ఖర్చు తగ్గుతుంది" అన్నది. ఆ ఉద్యోగములో ఇప్పటికీ ఉన్నాను. ఇంక్రిమెంటు ఎవరూ ఆపలేదు గాని, ఇచ్చినవారూ లేరు.

ప్రశ్నలు అడుగదలచినవారు సభానంతరము అడుగవచ్చును. 1979 నుండి 1994 వరకు మా లెక్కల పుస్తకములు పదిహేనూ ఇంట్లో భద్రముగా ఉన్నవి. మొదటి నాలుగింటిలో దస్తూరి నాది, తరువాతివన్నీ ఆమెవి. ఏ ఏడు ఎంత పోయినది, ఏ సరుకు ఎందుకు మానుకొన్నాము అన్నీ వ్రాసి ఉన్నవి. వ్యాపారము తలపెట్టినవారు ఎవరైనా వచ్చి చూచుకొనవచ్చును. సాయంకాలము ఆరు దాటిన తరువాత రండి. అంతవరకు ఆమె దుకాణములో ఉంటుంది, ఆమె లేకుండ ఆ లెక్కలు వివరించుట నా వలన కాదు.